గర్భసంచి జారితే ఏం చేయాలి: నిలుచునే తీరు, కండరాల సాధన, తోటి ఆడవాళ్ళ ఆసరా

పొద్దంతా పని చేసి సాయంత్రం పొయ్యి ముందు నిలబడేసరికి కింద ఏదో బరువుగా దిగుతున్నట్టు అనిపించడం, స్నానం చేసేటప్పుడు యోని దగ్గర మెత్తని ఉండ ఒకటి చేతికి తగలడం, రాత్రి పడుకుని లేచేసరికి అది లోపలికి పోయి ఉండడం మీకు అనుభవంలో ఉంటే, కటి భాగంలోని అవయవం ఏదో చోటు వదిలి కిందికి వస్తున్నదని అనుకోవాలి. మన ఊళ్ళలో దీన్నంతటినీ కలిపి ‘గర్భసంచి జారింది’ అంటారు గానీ, జారేది ప్రతిసారీ గర్భసంచే కానక్కరలేదు. యోని ముందు గోడ వెంట మూత్రాశయం దిగవచ్చు, వెనుక గోడ వెంట మలాశయం ఉబికి రావచ్చు, గర్భసంచి తీయించుకున్నవారిలో యోని పైకొసే కిందికి దిగవచ్చు. కొందరిలో ఇవి రెండు మూడు కలిసి ఉంటాయి.

నేను హనుమకొండలో ఉపాధ్యాయురాలిని. నాకు ఈ బాధ మొదలై 11 ఏళ్ళయింది. మొదటి రెండేళ్ళు ఇంట్లో కూడా ఎవరికీ చెప్పకుండా, గుడ్డ మడిచి కట్టుకుని, రోజంతా నిలబడి పాఠాలు చెప్పాను. అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకునే విషయాలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇవి డాక్టరు పరీక్షకు బదులుగా చేసేవి కావు, ఆ పరీక్ష తర్వాత ఇంట్లో రోజూ చేసుకోవలసినవి.

ముందు లోపల ఏం జరిగిందో తెలుసుకోండి

కటి అడుగున, పొత్తికడుపు కిందున్న ముందరి ఎముక నుంచి వెనుక తోక ఎముక దాకా, ఒక కండరాల పొర పరుచుకుని ఉంటుంది. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం దాని ఆసరాతోనే నిలబడతాయి. నులక మంచం తలుచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. నులక బిగువుగా ఉన్నంతకాలం పడుకున్న మనిషి పైనే ఉంటాడు, వదులైతే నడుము నేలకు తగులుతుంది. కాన్పులు, ముఖ్యంగా చాలాసేపు నొప్పులు పడ్డవి, పట్టకారు వేసి బిడ్డను తీసినవి ఈ నులకను సాగదీస్తాయి. బాలింతతనంలోనే బరువులు ఎత్తడం, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, అధిక బరువు దాన్ని ఇంకా వదులు చేస్తాయి. ముట్లు ఆగిన తర్వాత ఈస్ట్రోజన్ అనే స్త్రీల హార్మోను తగ్గి కణజాలం పలచబడడంతో అంతవరకూ ఓర్చుకున్నది బయటపడుతుంది.

ఈ పోలికను ఊరికే చెప్పలేదు. నా 41వ ఏట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను ఐదు నిమిషాలైనా పరీక్షించకుండానే ‘పిల్లలు అయిపోయారు కదా, గర్భసంచి తీసేద్దాం’ అన్నారు. నులక వదులైతే మంచం మీది మనిషిని దించేసి ఊరుకోము, నులక బిగిస్తాము. గర్భసంచిని తీసేసి కింది ఆసరాను అలాగే వదిలేస్తే, ఆ పైనున్నవి మళ్ళీ దిగే అవకాశం ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే మన తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అందుకే ఆపరేషన్ మాట ఎవరు ఎత్తినా, అది ఎందుకు అవసరమో, కింది ఆసరాను కూడా సరిచేస్తారో లేదో, ఆపరేషన్ లేకుండా ఏం చేయవచ్చో అడిగి తెలుసుకున్న తర్వాతే ఒప్పుకోండి. కొందరికి ఆపరేషన్ నిజంగానే అవసరమవుతుంది, అలాంటప్పుడు భయపడి వెనుకాడకూడదు.

పరీక్ష చేయించుకోవడానికి హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో, వరంగల్ సీకేఎం ఆసుపత్రికో వెళ్ళవచ్చు. ఊళ్ళో ఉన్నవారు ఆశా కార్యకర్తను అడిగితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మహిళలకు కేటాయించిన రోజు ఏదో చెబుతుంది. పడుకోబెట్టి చూసినప్పుడు కిందికి ముక్కమంటారు, అప్పుడు సిగ్గుపడి సగం ముక్కితే సమస్య సగమే కనిపిస్తుంది. వీలైతే పరీక్షను సాయంత్రం పూట పెట్టుకోండి, పొద్దున పూట అంతా లోపలే ఉండి ‘ఏమీ లేదు’ అనిపించవచ్చు. జారింది ఏ గోడ, నాలుగు దశల్లో ఎన్నో దశ, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతున్నదా లేదా, ఈ మూడు విషయాలు అడిగి ఒక నోటుపుస్తకంలో రాయించుకోండి. ఆ పుస్తకం తర్వాత పనికి వస్తుంది.

మూత్రం ఆగిపోయినా, ముట్లు ఆగాక మళ్ళీ రక్తం కనిపించినా, బయటికి వచ్చిన భాగం మీద పుండు పడినా, వాసనతో కూడిన స్రావం అవుతున్నా, లోపలికి పోవలసింది పోకుండా బయటే ఉండిపోయినా, చలిజ్వరంతో నడుము పక్కన నొప్పి వచ్చినా సాధన పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏ కండరాన్ని బిగించాలో పట్టుకోండి

మొదటి రెండు దశల్లో ఉన్నవారికి కండరాల సాధనే మొదటి వైద్యం. 2019లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు, ఉబ్బు యోని ద్వారాన్ని దాటి ఒక సెంటీమీటరుకు మించి రాని స్త్రీలకు, శిక్షణ ఉన్నవారి పర్యవేక్షణలో కనీసం 16 వారాలు ఈ సాధన చేయించి చూడాలని చెప్పాయి. అంతకుముందు 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన, 447 మంది స్త్రీల మీద చేసిన పరిశోధనలో కూడా ఒక్కొక్కరికి విడిగా నేర్పించిన సాధన వల్ల బాధ తగ్గినట్టు తేలింది. పూర్తిగా బయటికి వచ్చేసినదాన్ని సాధన ఒక్కటే లోపలికి పంపలేదు, ఆ మాట దాచకూడదు.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి, పిరుదుల కింద ఒక దిండు పెట్టుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఆపుకుంటారు కదా, అలా మొదట మలద్వారాన్ని బిగించండి, ఆ బిగువును ముందుకు, మూత్ర ద్వారం దాకా తీసుకుపోయి, మొత్తాన్ని బొడ్డు వైపు పైకి లాగండి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, పొట్ట గట్టిపడకూడదు, ఊపిరి ఆగకూడదు. సరిగా చేస్తున్నదీ లేనిదీ తెలియకపోతే చిన్న అద్దం పెట్టి చూసుకోండి. యోనికీ మలద్వారానికీ నడుమ ఉన్న చోటు లోపలికి, పైకి పోవాలి. అది బయటికి ఉబుకుతుంటే మీరు లాగడానికి బదులు ముక్కుతున్నారన్నమాట. అప్పుడు సాధన ఆపి, ఫిజియోథెరపిస్టుకో డాక్టరుకో చూపించి నేర్చుకోండి, ఎందుకంటే తప్పుగా చేసిన సాధన మీరు బాగుచేయాలనుకున్నదాన్నే పాడుచేస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూసుకోవడం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒకసారి పనికి వస్తుంది గానీ, దాన్ని రోజువారీ సాధన చేసుకుంటే మూత్రాశయం సరిగా ఖాళీ కాదు.

పట్టు దొరికాక మూడు సెకన్లు బిగించి, అంతసేపే వదలండి. అలా ఎనిమిది సార్లు చేస్తే ఒక వరుస అవుతుంది. ఆ తర్వాత గబగబా బిగించి వదిలేవి పది చేయండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒక్కొక్క వరుస చేస్తూ, వారానికో రెండు వారాలకో ఒక సెకను పెంచుకుంటూ పది సెకన్ల దాకా వెళ్ళండి. పడుకుని బాగా వచ్చాక కూర్చుని, ఆపైన నిలబడి చేయాలి. బిగించడంతో సమానంగా పూర్తిగా వదలడం కూడా ముఖ్యమే, ఎప్పుడూ బిగుసుకునే ఉన్న కండరం నొప్పి తెచ్చిపెడుతుంది. నాకు ఏడో వారం దాకా ఏ తేడా తెలియలేదు. పదో వారంలో ఒక రోజు బడి వదిలి ఇంటికి వచ్చి, బియ్యం కడుగుతూ ఉండగా, ఆ బరువు ఇవాళ ఇంకా రాలేదే అని తోచింది.

ఊపిరిని పనితో కలపండి

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఇదే. రోజుకు మూడుసార్లు సాధన చేసి, మిగిలిన పొద్దంతా ఊపిరి బిగపట్టి బిందెలు ఎత్తితే ఫలితం ఉండదు. దగ్గే ముందు, తుమ్మే ముందు, లేచే ముందు, ఎత్తే ముందు కింది కండరాన్ని పైకి లాగి, ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి మెల్లగా వదులుతూ ఉండాలి.

గీసుకొండ వైపు ఒక ఊళ్ళో పొదుపు సంఘం సమావేశంలో దీన్ని చూపిస్తుంటే, పత్తి ఏరే ఒక వదిన నమ్మలేదు. ‘ఊపిరి బిగవట్టకుంటే మూట ఎట్ల లేస్తది పంతులమ్మా?’ అని లేచి, మూలనున్న పత్తి మూటను ఎత్తి చూపించింది. పెదవులు బిగుసుకున్నాయి, బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. మూట లేచింది గానీ ఆమె చేయి తనకు తెలియకుండానే పొత్తికడుపు కిందికి పోయింది. మూటలో సగం తీసేసి, కాళ్ళు ఎడంగా పెట్టించి, మూటను ఒంటికి ఆనించుకోమన్నాను. ఊదుగొట్టంతో నిప్పు రాజేసేటప్పుడు మొదట ఎంత మెల్లగా ఊదుతామో అంత మెల్లగా ఊపిరి వదులుతూ లేపమన్నాను. గట్టిగా ఊదితే మళ్ళీ ఒత్తిడి కిందికే పోతుంది, అందుకని రెండుసార్లు ఆపి చెప్పవలసి వచ్చింది. మూడోసారి లేపి, కాసేపు అలాగే నిలబడి, ‘కిందికి గుంజుత లేదు’ అంది.

ఎన్ని కిలోల దాకా ఎత్తవచ్చు అని అందరూ అడుగుతారు. అందరికీ సరిపోయే లెక్క లేదు. ఊపిరి బిగపట్టకుండా ఎత్తలేనిది ఏదైనా ఆ రోజుకు మీకు ఎక్కువ బరువే. బిందెను సగం నింపి రెండు దఫాలు తీసుకురండి. పత్తి ఏరేటప్పుడు ఒడి నిండేదాకా ఆగకుండా సగానికే కుప్ప పోయండి, నడుముకు ముందు వేలాడే బరువు కిందికీ ముందుకూ లాగుతుంది. సద్దుల బతుకమ్మ నాడు పెద్ద బతుకమ్మను ఇంట్లో చిన్నవాళ్ళను ఎత్తుకోనివ్వండి. మేడారం పోయినప్పుడు బెల్లం మొక్కును మీరే తలకెత్తుకోవాలన్న పట్టు వదలండి, తల్లులకు అందేది మొక్కే గానీ మోత కాదు.

నిలబడేటప్పుడు, కూర్చునేటప్పుడు

పొట్ట ఎత్తుగా కనిపించకూడదని దాన్ని లోపలికి బిగించి, పిరుదులను ముందుకు ముడుచుకుని నిలబడడం మనలో చాలామందికి అలవాటు. దానివల్ల నడుము సహజపు వంపు పోతుంది, పొట్టలోని ఒత్తిడి నేరుగా కిందికి దిగుతుంది. రెండు పాదాల మీదా సమానంగా బరువు వేయండి, మోకాళ్ళను వెనక్కి బిగించవద్దు, రొమ్మెముకను కొంచెం పైకి ఎత్తి, నడుము వంపును దాని తీరున ఉండనివ్వండి, పొట్టను వదులుగా ఉంచండి. మొదట్లో పొట్ట వదిలేస్తే నలుగురిలో బాగుండదని సిగ్గనిపిస్తుంది, అయినా అలాగే నిలబడండి. బాలింతలకు పొట్ట తగ్గుతుందని గుడ్డ బిగించి చుట్టే ఆచారం ఉంది. అంత బిగువు సాగిపోయి ఉన్న కండరం మీదికే ఒత్తిడిని నెడుతుంది, కాబట్టి కోడలికో బిడ్డకో కట్టేటప్పుడు రెండు వేళ్ళు సులువుగా దూరేంత వదులుగా కట్టండి.

నాటు వేసేటప్పుడు నడుమును గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర వంగి, మోకాళ్ళు కొద్దిగా మడిచి, పావుగంటకోసారి నిటారుగా లేచి నాలుగు ఊపిరులు తీసుకోండి. బీడీలు చుట్టేవారు గోడకు వీపు ఆనించి, పిరుదుల కింద మడిచిన దుప్పటి పెట్టుకుని కూర్చుంటే నడుము కూలబడదు. పొట్టి చీపురు బదులు పొడుగు కర్ర చీపురు, కత్తిపీట బదులు బల్ల మీద చాకు వాడండి. మంచం మీద నుంచి నేరుగా లేవకుండా పక్కకు ఒత్తిగిలి చేయి ఊని లేవండి. మధ్యాహ్నం తిన్న తర్వాత కాసేపు ఆగి, పిరుదుల కింద దిండు పెట్టుకుని 15 నిమిషాలు వెల్లకిలా పడుకుంటే, జారినది తన చోటికి పోయి సాయంత్రం దాకా హాయిగా ఉంటుంది. ఈ పావుగంట కోసం ఇంట్లో అడగడానికి వెనుకాడవద్దు.

మలమూత్రాల విషయం

ముక్కడం మానాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్ళు తుంటి కన్నా ఎత్తుగా వచ్చేలా ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, నోరు తెరిచి ఊపిరి వదులుతూ పొట్టను ముందుకు ఉబ్బనివ్వండి. నేలమీది దొడ్డిలో గొంతుక్కూర్చోవడం మలం సులువుగా దిగడానికి మంచిదే, కానీ అక్కడ చాలాసేపు కూర్చుంటే కిందికి లాగుతుంది, రాకపోతే లేచి మళ్ళీ వెళ్ళండి. వెనుక గోడ జారినవారికి మలం అక్కడే ఇరుక్కుపోతుంది. శుభ్రమైన వేలితో యోని వెనుక గోడనో, బయట యోనికీ మలద్వారానికీ మధ్యనున్న చోటునో అదిమి పట్టుకోవడం వైద్యులు చెప్పే పద్ధతే, దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. ముందు గోడ జారినవారు మూత్రం పోసి లేచి, ఒక నిమిషం నిలబడి, మళ్ళీ కూర్చుని ముందుకు వంగితే మిగిలింది కూడా పోతుంది. తడుస్తుందని నీళ్ళు తాగడం తగ్గించవద్దు, దానివల్ల మలం గట్టిపడి మళ్ళీ ముక్కవలసి వస్తుంది.

జొన్నరొట్టె, మక్క గటక, పుంటికూర, గంగవాయిలి కూర, జామపండు మనకు అందుబాటులో ఉన్న పీచు పదార్థాలే. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలతో మలబద్ధకం వస్తే మాత్రలు మానేయకుండా డాక్టరుతో మార్పించుకోండి. దగ్గు మూడు వారాలు దాటితే చూపించుకోండి, కట్టెల పొగకూ పొగాకు దుమ్ముకూ వీలైనంత దూరంగా ఉండండి.

రింగు గురించి

సాధన చాలనివారికి, ఆపరేషన్ వద్దనుకునేవారికి, ఒంటి ఆరోగ్యం ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి యోనిలో అమర్చే సిలికాన్ రింగు ఉంది, దాన్ని పెసరీ అంటారు. డాక్టరు కొలత చూసి పెడతారు. సరిపోయిన రింగు ఉన్నట్టే తెలియదు, నడవవచ్చు, పని చేసుకోవచ్చు, భర్తతో కలిసి ఉండవచ్చు. అయితే పెట్టించుకుని మరిచిపోకూడదు, చెప్పిన గడువుకు తీయించి, శుభ్రం చేయించి, లోపల పుండు లేదని చూపించుకోవాలి. ముట్లు ఆగినవారికి లోపలి పొర పలచబడి ఉంటే ఈస్ట్రోజన్ క్రీము రాస్తారేమో అడగండి.

నలుగురూ కలిసి ఎలా చేయాలి

ఒక్కరే చేసే సాధన మూడో వారానికి ఆగిపోతుంది, నాదీ అలాగే రెండుసార్లు ఆగింది. నా దగ్గరి ఒక అక్కతో మొదటిసారి నోరు విప్పినప్పుడు ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘నాకు 20 ఏళ్ళ సంది ఉన్నది’ అంది. మీ సంఘంలో కూడా అలాంటివారు తప్పకుండా ఉంటారు.

మొదలుపెట్టడానికి పెద్ద సభ అవసరం లేదు. పొదుపు సంఘం పైసలు కట్టే రోజు, లెక్కలు అయిపోయి మగవాళ్ళూ పిల్లలూ లేని వేళ, ముందు మీ సంగతి మీరు చెప్పండి. ఎవరినీ పేరు పెట్టి అడగవద్దు. ఇక్కడ విన్న మాట వాకిలి దాటకూడదన్న మాట అందరి చేతా అనిపించండి, ఆ నమ్మకం పోతే ఇంకెవరూ నోరు విప్పరు. తర్వాత చాపలు పరిచి అందరూ పడుకుని ఒక వరుస కలిసి చేయండి, ఒకరు లెక్క పెట్టండి. జారనివారు కూడా చేయాలి, ముఖ్యంగా కొత్తగా కాన్పైనవారు డాక్టరు సరేనన్నాక. ఇలా అందరూ చేస్తే ఎవరికి బాధ ఉందో పక్కవారికి తెలియదు, అది కూడా ఒక ఆసరానే.

సాధన కన్నా పని పంచుకోవడమే కష్టం. మా గుంపులో ఇద్దరిద్దరు జోడీలుగా ఏర్పడ్డాం. జోడీలో ఒకరు పొద్దున ఫోను చేసి ‘వరుస అయిందా చెల్లే’ అని అడగాలి, బియ్యం బస్తా దించవలసి వస్తే పిలవాలి, కైకిలి దగ్గర మూట ఎత్తేటప్పుడు పక్కన నిలబడి ఊపిరి బిగపట్టనివ్వకూడదు. గుత్తేదారుకో ఆసామికో ‘ఆమె మూటను ఇద్దరం మోస్తం’ అని చెప్పడం ఆమెకన్నా జోడీకే తేలిక. అత్తాకోడళ్ళ మధ్య, భార్యాభర్తల మధ్య మాట తెగనప్పుడు కూడా జోడీ మనిషి వెళ్ళి కూర్చుని వివరంగా చెబితే వింటారు. భర్తకు చెప్పే మాట సూటిగా ఉండాలి: ఇది అంటుకునే రోగం కాదు, తప్పు చేయడం వల్ల వచ్చింది కాదు, బరువులు తగ్గితే బాధ తగ్గుతుంది, కలిసి ఉండడానికి అడ్డు లేదు, నొప్పి అయిన రోజు ఆగాలి.

నోటుపుస్తకంలో రోజూ రెండే ముక్కలు రాయండి: ఎన్ని వరుసలు చేశారు, సాయంత్రానికి బరువు సున్నా నుంచి పదిలో ఎంత అనిపించింది. రాయడం రానివారికి జోడీ రాయాలి. 16 వారాలు నిండాక ఆ పుస్తకం పట్టుకుని మొదట చూసిన డాక్టరు దగ్గరికే వెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించుకోండి. అంకెలు తగ్గి ఉంటే సాధనను రోజుకు ఒక వరుసకు తగ్గించి కొనసాగించవచ్చా అని అడగండి, తగ్గకపోతే రింగు సంగతో ఆపరేషన్ సంగతో మాట్లాడండి. ఆ రోజు జోడీని కూడా వెంట తీసుకుపోండి, మనకు ఆర్టీసీ పల్లెవెలుగులో టికెట్టు లేదు కదా, ఇద్దరు పోయినా ఖర్చు పెరగదు, డాక్టరు చెప్పినదాంట్లో మీరు మరిచిపోయింది ఆమెకు గుర్తుంటుంది.